గుడ్డ వెనక సుర్నాయి

కాశింవలికి బతుకులో వచ్చిన పనులు రెండే. దూది ఏకడం ఒకటి, సన్నాయి ఊదడం ఒకటి. దూది రోజూ అన్నం పెట్టింది. సన్నాయి పెళ్ళిళ్ళ కాలంలో మర్యాద పెట్టింది, అదీ పందిట్లో ఉన్నంతసేపే. పందిరి దిగాక ఆకు వేసేది చివరి బంతిలో.

ప్రొద్దుటూరు దగ్గరి పల్లె వాళ్ళది. దూదేకులవాళ్ళ ఇల్లు. ఊరివాళ్ళు వీళ్ళని తురకలనేవారు. టౌన్లో మసీదుకు పోతే అక్కడివాళ్ళు పేరడిగి, కాశింవలి అని విని, "ఓహో, మీరా" అని కాస్త పక్కకు జరిగేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉరుదూకి నోరు తిరగదు. తండ్రి పెద్ద హుస్సేనప్ప రామనవమికి గుడి ముందర ఊదేవాడు, పీర్ల పండక్కి చావడి ముందర ఊదేవాడు. రెండు చోట్లా గడప ఇవతలే నిలబడి.

"తాళి కట్టే గడియలో మన పని పాట కాదురా," అని కొడుక్కి నేర్పాడు హుస్సేనప్ప. "ఎవురో తుమ్ముతారు, ఏ పసిబిడ్డో ఏడుస్తాది, ఏ ముసలామెకో అనకూడని మాట నోట్లోంచి జారతాది. అది పెండ్లికూతురి చెవిన పడగూడదు. చెడ్డ శబ్దం వినపడిందా, దాని మీదికెక్కి ఊదు. రొమ్ములో గాలి ఉన్నంతా ఊదు."

ముప్పై ఏళ్ళు అట్లాగే ఊదాడు కాశింవలి. ఆలోచనతో పని లేకుండా పెదాలే ఆ పని చూసుకునేంతగా ఊదాడు. తర్వాత పందిళ్ళలోకి డీజే పెట్టెలు వచ్చాయి, ఇళ్ళలోకి కంపెనీ పరుపులు వచ్చాయి. ఐదారేళ్ళ తేడాలో రెండు పనులూ చచ్చిపోయాయి. 2009లో, ముప్పై తొమ్మిదో ఏట, అతను విమానం ఎక్కాడు. దుబాయ్ పోయినాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ దుబాయ్‌ని అతను చూసింది రెండుసార్లే. కొలువు తూర్పు తీరాన, కల్బాలో. ఒక పక్క గడ్డిపోచ మొలవని రాతి కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ పరుపులూ, నేల మీద ఆనుకుని కూర్చునే మజ్లిస్ దిండ్లూ కుట్టే దుకాణం. అతను దూది కూరేవాడు. నెల్లూరి సనావుల్లా మిషను కుట్టేవాడు. పైన అటక మీద ఇద్దరికీ ఒకే గది.

పన్నెండేళ్ళు అట్లా గడిచాయి. చెప్పుకోవడానికి వాటిలో ఏమీ లేదు.

2021 చలికాలంలో ఒక ముసలాయన పికప్ బండిలో పన్నెండు పాత దిండ్లు తెచ్చి దింపాడు. నల్లటి మనిషి, సన్నగా, పొడుగ్గా, కాళ్ళదాకా జారే తెల్ల కందూరాలో నిటారుగా ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. దూది మార్చమని చెప్పి వెళ్ళిపోయాడు. కాశింవలి ఆరో దిండు కోస్తుంటే ఉండలు కట్టిన దూది మధ్య చిన్న గుడ్డ మూట తగిలింది. అందులో ఎండిన ఆకు ముక్కలు, రెండేసి కలిపి దారంతో బిగించి కట్టినవి, ఎనిమిది.

"ఏంది భాయ్, చీపురు పుల్లలు దిండులో దాచుకున్నారా వీళ్ళు?" అన్నాడు సనావుల్లా. "అవతల పారెయ్."

కాశింవలి ఒకటి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"తూ! ఎవరి ఎంగిలో! కరోనా రోజుల్లో నీకేం పోయేకాలం!"

"ఇవి పీకలప్పా," అన్నాడు కాశింవలి. "ఊదే పీకలు. వీటిని కట్టినోడు బాగా ఊదేవాడు."

సాయంత్రం ఆ మూట పట్టుకుని ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ పాత వాడకు పోయాడు. ముసలాయన పేరు ఫరజ్. మూట విప్పి పీకల్ని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని చూశాడు. యవ్వనంలో బొంబాయి పడవల మీద తిరిగినవాడు గనక అతనికి హిందీ వచ్చు. కాశింవలికీ పన్నెండేళ్ళ గల్ఫ్ హిందీ ఉంది. ఇద్దరి మాటలూ ఆ భాషలోనే నడిచాయి.

"ఖమీస్ దాచుకున్నవి," అన్నాడు ఫరజ్. "మా జట్టులో సుర్నాయి ఊదేవాడు. పోయినేడాది కరోనాతో ఆస్పత్రికి తీసుకుపోయారు. పోయాక ముఖం కూడా చూపించలేదు. అయినా ఇవి పీకలని నీకెట్లా తెలుసు?"

"మా నాయన కట్టేవాడు బాబా. ఆకు వేరే. కోత ఇదే."

ఫరజ్ లోపలికి పోయి, మేకుకు వేలాడుతున్న సుర్నాయి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. కాశింవలి సన్నాయి కంటే పొట్టిది, గొంతు కరుకు. పీక తడిపి, బిగించి, ఊదాడు. ఊపిరి తెగకుండా బుగ్గల్లో గాలి దాచుకుని ఊదడం అతనికి పదేళ్ళ వయసు నుంచీ వచ్చు. గోడకు అవతలి నుంచి ఒక ఆడగొంతు అరబ్బీలో ఏదో కసిరింది.

"మా చెల్లెలు జౌహరా," అన్నాడు ఫరజ్. "హిందీవాడు మన వాద్యం ముట్టుకోవడమేమిటని అడుగుతోంది."

"పెట్టెయ్యమంటారా బాబా?"

"ఊదు. తిట్టడం ఆపేదాకా ఊదు."

కాసేపటికి గోడ వెనక నిశ్శబ్దం. ఇంకాసేపటికి తలుపు సందులోంచి కాఫీ పళ్ళెం వచ్చింది.

ఫరజ్ జట్టువాళ్ళు ఆడేదాన్ని లీవా అంటారు. ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ ఆట అది. మగవాళ్ళు వలయంగా నిలబడి, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి, భుజాలు విరుస్తూ మెల్లగా చుట్టూ తిరుగుతారు. డోళ్ళు లోపల ఉంటాయి. వాటిలో ఒకటి నిలువుది, మనిషి నడుము ఎత్తు, ముసోండో అని దాని పేరు. ఫరజ్ జట్టులో దాన్ని తల్లిలాగా చూసేవారు. డోళ్ళ గదిలోకి చెప్పులతో ఎవరూ రారు. ఆ గది తాళం జౌహరా కొంగున ఉంటుంది. తల్లి డోలు మీద చెయ్యి వేసే హక్కు ఫరజ్‌ది, అతని తర్వాత అతను చెప్పినవాడిది. చిన్న డోళ్ళవాళ్ళకు వాళ్ళ వాళ్ళ ఇళ్ళ వరస ఉంది. వలయంలో ఎవరి పక్కన ఎవరు నిలబడాలన్నదానికీ వరస ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. వలయం లోపల అటూ ఇటూ నడిచే స్వేచ్ఛ ఉన్నది సుర్నాయి ఊదేవాడికి మాత్రమే.

పాటల్లో సగం మాటలకు అర్థం ఫరజ్‌కు కూడా తెలియదు. అతని మేనల్లుడు యాసీన్, జౌహరా కొడుకు, షార్జాలో ఆఫీసు ఉద్యోగి, ఒకసారి అన్నాడు: "మామా, ఈ మాటలు తీసేసి అందరికీ తెలిసే అరబ్బీ మాటలు పెడదాం. జనానికి బాగుంటుంది."

"అర్థం తెలిసిన మాటలన్నీ మనకు వాళ్ళు నేర్పినవిరా," అన్నాడు ఫరజ్. "ఈ తెలియని నాలుగే మన వెంట వచ్చినవి. ఇవి కూడా తీసేస్తే నీ దగ్గర డోలు ఉంటుంది. డోలు బజారులోనూ దొరుకుతుంది."

మూడు నెలలు శుక్రవారం శుక్రవారం నేర్చుకున్నాడు కాశింవలి. మొదట్లో గమకాలు వేసేవాడు. ఫరజ్ డోలు ఆపేసేవాడు. "పూలు కుట్టకు వలీ. తాడు పేను," అనేవాడు. ఒకే పలుకు, గంటసేపు, తెగకుండా. ఆ పలుకు అడుగుల్ని పట్టుకోవాలి. పాట చివర సుర్నాయి పైకెక్కుతుంది. అది ఎక్కితే డోళ్ళు పరుగెత్తాలి, వలయం పరుగెత్తాలి. అక్కడ ఒక కట్టుబాటు ఉంది.

"నువ్వు ఎక్కాక నేను చెయ్యి తియ్యలేను," అన్నాడు ఫరజ్. "నువ్వు దిగేదాకా తల్లి డోలు ఆగకూడదు. చెయ్యి విరిగినా సరే. అందుకని ముందు నన్ను చూడు. నేను తల ఊపితేనే ఎక్కు."

మొదటిసారి జనంలో ఊదింది ఖోర్‌ఫక్కాన్‌లో ఒక పెళ్ళిలో. వలయం బయట మెత్తటి కుర్చీల వరసలు. కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫోన్లలో తీసుకున్నారు, లేచి లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. తిరిగి వస్తుంటే బండిలో అడిగాడు కాశింవలి:

"కుర్చీల్లో కూర్చున్నోళ్ళు ఎవరు బాబా?"

"వాళ్ళ తాతల పడవల మీంచి మా తాతలు ముత్యాల కోసం మునిగేవాళ్ళు." కొండ మలుపు దగ్గర కిటికీ అద్దం దించాడు ఫరజ్. "మా తాతలు కూడా వాళ్ళవే. తాళ్ళూ తెరచాపల లాగా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అందరికీ ఒకటే పాస్‌పోర్టు. మర్యాదగానే పిలుస్తారు. పక్కన కూర్చోబెట్టుకుంటారు. పిల్లనడిగితే మాత్రం వంశం అడుగుతారు."

ఇందులో కాశింవలికి ఎవరూ విడమరచి చెప్పాల్సింది లేదు.

కానీ ఆ సాయంత్రం అతనికి వేరే సంగతి ఒకటి జరిగింది. అది ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు గడప ఇవతల ఊదినవాడి చుట్టూ నలభైమంది మనుషులు తిరిగారు. అతను ఎటు నడిస్తే అటు భుజాలు వంగాయి. ఆట అయ్యాక అందరూ ఒకే తాంబాళం చుట్టూ కూర్చున్నారు. అన్నంలో మొదట చెయ్యి పెట్టేది సుర్నాయివాడట, ఆ జట్టు ఆనవాయితీ. అందరూ అతని చేతి కోసం ఎదురుచూస్తున్నారని అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. ఫరజ్ మాంసం ముక్క తుంచి అతని వైపు జరిపాడు.

ఆరు రోజులు దూదిలో మునిగి దగ్గడం, ఏడో రోజు వలయం. రెండేళ్ళు అట్లా నడిచింది. శుక్రవారం పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే సనావుల్లా ఎగతాళి చేసేవాడు. "పెళ్ళికొడుకు తయారవుతున్నాడు. పిల్ల పేరు ముసోండో!"

2023 శీతాకాలంలో యాసీన్ ఒక కాగితం తెచ్చాడు. వారసత్వ జట్లను చూసి గుర్తింపు ఇచ్చే కమిటీ ఒకటి వస్తోంది. గుర్తింపు ఉన్న జట్లనే ఇకమీదట పండగ వేదికల మీదికి పిలుస్తారు. అసలు సిసలైన పాత పద్ధతా కాదా అన్నది వాళ్ళు తేలుస్తారు.

"వాయించే ప్రతివాడి తాత పేరు, ఇంటి పేరు రాయమన్నారు మామా."

"తాత పేరా?" ఫరజ్ నవ్వాడు. "నా తాతకు పేరు పెట్టింది పడవ యజమాని. రాసుకో."

"అది సరే. సుర్నాయి దగ్గర ఏం రాయను? ఇండియావాడని రాస్తే అక్కడితో ఖలాస్."

యాసీన్ దగ్గర ఒక ఉపాయం సిద్ధంగానే ఉంది. సుర్నాయి పట్టుకుని వలయంలో తను తిరుగుతాడు, బుగ్గలు పూరిస్తూ. వెనక డేరా ఉంటుంది. డేరా గుడ్డ వెనక కాశింవలి ఊదుతాడు. సుర్నాయిలు రెండున్నాయి కదా.

వారం రోజులు ఫరజ్ ఒప్పుకోలేదు. వేదికలు పోతే జట్టులో చిన్నవాళ్ళు తలో దిక్కూ పోతారని జౌహరా ఏడ్చింది. చివరికి ఆ మాట అన్నది కాశింవలే.

"గడప ఇవతల ఊదడం నాకు అలవాటే బాబా. నేను పోతా గుడ్డ వెనక్కి."

ఫరజ్ అతని ముఖంలోకి చూశాడు. "నన్ను చూడలేవు."

"డోలు వింటా."

"వినడం వేరు వలీ."

అయినా ఒప్పుకున్నాడు. తల్లి డోలును డేరా గుడ్డకు ఆనించినట్టే పెట్టించుకున్నాడు, కాశింవలికి బాగా వినపడాలని. ఇద్దరి మధ్యా ఒక్క గుడ్డే అడ్డం.

డిసెంబరు. శుక్రవారం. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక సముద్రపొడ్డున ఇసుక మైదానంలో మొదలైంది ఆట. కమిటీవాళ్ళు ముగ్గురు, వాళ్ళ వెనక కుర్చీల్లో ఊరి పెద్దలు. డేరా లోపల నీళ్ళ సీసాల అట్టపెట్టెలు, మడత కుర్చీలు, జనరేటర్ నుంచి డీజిల్ వాసన. గుడ్డ మీద ఎండ పడి తెల్లగా మెరుస్తోంది. నీడ కూడా ఆనడం లేదు. కాశింవలి కళ్ళు మూసుకుని ఊదాడు. అరగంట బాగా సాగింది. అడుగుల చప్పుడు ఇసుకలో ఒకే అడుగులాగా పడుతోంది.

అప్పుడు తల్లి డోలు ఒక దెబ్బ తప్పింది.

కాశింవలి కళ్ళు తెరిచాడు. మళ్ళీ తప్పింది. రెండు దెబ్బల మధ్య గుడ్డకు అటువైపు నుంచి, మూరెడు దూరం కూడా లేదు, ఒక అరుపు: "వలీ!" ఆ వెంటనే, ఇక చాలని, "బస్!" మళ్ళీ, "వలీ!"

విన్నాడు. గొంతు ఎవరిదో కూడా తెలిసింది. ఆ పేరు కాగితంలో లేని పేరు, కుర్చీలదాకా వినపడితే కొంప మునుగుతుంది, ఆ ఆలోచన తర్వాత వచ్చింది. దానికంటే ముందు పెదాలు లేచాయి. ముప్పై ఏళ్ళు పందిళ్ళలో చేసిన పనే చేశాయి. తప్పిన దెబ్బ మీదికి, అరుపు మీదికి, రొమ్ములో గాలి ఉన్నంతా ఎక్కి ఊదాడు.

చిన్న డోళ్ళు పరుగందుకున్నాయి. ఇసుక అదిరింది. కుర్చీలవైపు నుంచి ఈలలు. తల్లి డోలు ఒక్క క్షణం తడబడి, పట్టుకుంది. వేగం అందుకుంది. సర్దుకున్నాడు బాబా, అనుకున్నాడు కాశింవలి. గుండె తేలికైంది. ఇంకా పైకి ఎక్కాడు. నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. దిగాడు. డోళ్ళన్నీ ఒక్క దెబ్బతో ఆగాయి. చప్పట్లు మోగాయి. లోపల నీళ్ళ పెట్టె మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ, పీక తుడుచుకుంటూ, అతను నవ్వుకున్నాడు కూడా.

తర్వాత చప్పట్లలో వేరే కేకలు కలిశాయి.

ఫరజ్ తల్లి డోలును కౌగిలించుకున్నట్టు దాని మీద వాలి ఉన్నాడు. విడదీసి అంబులెన్స్ ఎక్కించారు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాకముందే పోయాడు. నొప్పి మొదలైనప్పుడే తెచ్చి ఉంటే వేరే సంగతి అని డాక్టరు అన్నాడట. ఆ మాట ఎవరో కాశింవలికి చెప్పారు, మామూలుగానే, సిగరెట్ కాలుస్తూ.

మూడు రోజులు పరామర్శ డేరా నిండిపోయింది. కాశింవలి ఒక మూల కూర్చుని వచ్చినవాళ్ళ చెప్పులు చూస్తూ గడిపాడు. అందరి నోటా ఒకే మాట. తల్లి డోలు మీదే పోయాడు. ఎవరికి దొరుకుతుంది అట్లాంటి చావు? చివర్లో ఆ వేగం చూశారా, ఇరవై ఏళ్ళవాడిలా! మూడో రోజు యాసీన్ ఫోన్లో వచ్చిన కమిటీ మాట చదివి వినిపించాడు. జట్టుకు గుర్తింపు వచ్చింది. "కల్తీ లేని పాత పద్ధతి," అని రాశారు. "ముఖ్యంగా ముగింపు," అని రాశారు. యాసీన్ ఏడుస్తూ చదివాడు. ఆడవాళ్ళ గదిలోంచి జౌహరా గొంతు వినపడింది. అన్న కోరుకున్న చావే దొరికింది, అల్‌హమ్దులిల్లా అంటోంది.

ఆ రాత్రి నుంచి కాశింవలికి తిండి దిగలేదు. రెండు రోజులు చూసి మూడోనాడు దుకాణంలో మిషను ఆపాడు సనావుల్లా.

"ఏందో చెప్పు భాయ్. దూది కూరమంటే కుట్లు విప్పుతున్నావు."

చెప్పాడు. సనావుల్లా చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు. జౌహరామ్మకు చెప్పల్ల."

"నీకేమన్నా పిచ్చా? చెప్తే పోయినోడు లేచొస్తాడా? ఆ ముసలామెకు మిగిలిన ఊరట అదొక్కటే. నీకు మిగిలిన చోటూ అదొక్కటే. రెండూ ఒకే దెబ్బకి పోతాయి. నోరు మూసుకో. ఎవరికీ తెలియదు."

"అదేనప్పా," అన్నాడు కాశింవలి. "ఆయన పిలిచింది నన్నొక్కణ్ణే. ఆ పిలుపు పడింది నా చెవిలోనే. నేనూ నోరు మూసుకుంటే ఆయన అసలు పిలవనట్టే అయితాది. సేద్యం చేసేవాడు పొలంలో పోయినట్టు, ఆయన కోరి పోయినాడంటాండారు అందరూ. కోరి పోలేదు. ఆపమని అడిగినాడు."

సనావుల్లా మిషను తొక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి దాని చప్పుడు మీదుగానే అన్నాడు: "పో. నీ ఖర్మ. చెప్పాక ఇక్కడికే రా. గదిలో అన్నం ఉంచుతా."

శుక్రవారం పొద్దున పోయాడు. జౌహరా డోళ్ళ గది తలుపులు తెరిచి చాప దులుపుతోంది. ముఖం మీద పాతకాలపు బుర్ఖా పట్టీ, కళ్ళు ఎర్రగా. పక్కన కాఫీ కూజా. అతన్ని చూసి లోపలికి రమ్మంది. ఆమె హిందీ అన్నదాని కంటే ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

"వలీ. మంచిది వచ్చావు. వచ్చే నెల రెండు ఆటలు ఉన్నాయని యాసీన్ చెప్పాడు. నూనె పట్టించు." మేకుకు ఉన్న సుర్నాయి తీసి అతని చేతిలో పెట్టింది.

అతను కూర్చోలేదు.

"అమ్మా, బాబా ఆ రోజు నన్ను పిలిచినాడు."

"ఎప్పుడు?"

"వాయిస్తా ఉన్నప్పుడు. గుడ్డ అవతల నుంచి. నేను ఇంకా ఎక్కకముందు."

ఆమె చాప కింద పెట్టింది. "ఏమన్నాడు?"

"నా పేరు. తర్వాత బస్ అన్నాడు. మళ్ళీ నా పేరు."

"ఎన్నిసార్లు?"

"పేరు రెండుసార్లు. బస్ ఒకసారి."

"నువ్వు?"

"ఎక్కి ఊదినా."

బయట వీధిలో నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తున్న చప్పుడు. అది ఆగాక ఆమె అడిగింది.

"ఎందుకు?"

కాశింవలి చెప్పాడు. తన ఊరు, పందిళ్ళు, తాళి కట్టే గడియ, తండ్రి నేర్పిన మాట. ఆ హిందీలో వాటికి మాటలు దొరకలేదు. పెళ్ళిలో చెడ్డ శబ్దం వస్తే దాని మీద ఊదేస్తాం అమ్మా, ఎవరికీ వినపడకుండా, మాకు అదే నేర్పినారు, అన్నాడు. నాకు తెలియకుండానే చేసినా, అన్నాడు. డోలు తప్పింది, అందరి ముందూ పరువు పోతాదనుకున్నా, అన్నాడు. చెప్పేకొద్దీ అది చిన్నదై, చివరికి చెప్పడానికి ఏమీ మిగలలేదు.

"చెడ్డ శబ్దం," అంది జౌహరా. "మా అన్న గొంతు."

అతను తల వంచుకున్నాడు.

"నువ్వు ఎక్కితే అతను ఆపలేడు. అది తెలుసు నీకు."

"తెలుసు."

"అయితే ఆ వేగం..." ఆమె ఆ మాట పూర్తి చెయ్యలేదు. మూడు రోజులు అందరూ మెచ్చుకున్న వేగం అది. ఆమె లేచి తల్లి డోలు దగ్గరికి పోయింది. బతుకులో ఎన్నడూ దాన్ని వాయించినది కాదు. అరచెయ్యి తోలు మీద పరిచి నిలబడింది.

"ఊదు."

"అమ్మా?"

"ఆ రోజు ఊదింది. మొత్తం. అతను ఏం విన్నాడో నేను వినాలి."

చావు జరిగి వారం. ఇరుగుపొరుగు వింటారు, తప్పుపడతారు. ఆ మాట అనబోయి ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు కాశింవలి. పీక తడిపాడు. నోరు ఎండిపోయి ఉంది, మళ్ళీ తడపాల్సి వచ్చింది. పలుకు ఎత్తుకున్నాడు. తాడు పేనినట్టు, పూలు లేకుండా, ఫరజ్ నేర్పినట్టే. గదిలో ఆ గొంతు గోడలకు కొట్టుకుని తిరిగి అతని మీదే పడింది. పెరటి గోడ అవతల ఎవరో ఆడమనిషి గట్టిగా ఏదో అడిగింది. జౌహరా జవాబివ్వలేదు. చాలాసేపు ఊదాక ఆగాడు.

"ఇక్కడ పిలిచినాడు."

"ఆపకు," అంది ఆమె. "ఆ రోజు ఆపలేదు కదా."

ఊదాడు. పైకి ఎక్కాడు. కళ్ళు మూసుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆమె చెయ్యి చూస్తూ ఊదాడు. ముడతలు పడ్డ నల్లటి చెయ్యి, గోళ్ళకు పాత గోరింటాకు. కదలకుండా తోలు మీద ఉంది. ఆ రోజు ఎంతసేపు ఊదాడో అంతసేపూ ఊదాడు, ఒక్క ఊపిరి తగ్గకుండా. దిగేసరికి పెదవి చిట్లి పీక మీద రక్తం అంటింది.

జౌహరా అతని చేతిలోంచి సుర్నాయి తీసుకుంది. కొంగుతో పీక తుడిచింది. మేకుకు తగిలించింది. వచ్చినవాడికి కాఫీ పోయకుండా పంపే ఇల్లు కాదు అది. కూజా వంచి చిన్న గిన్నెలో కాఫీ పోసి అందించింది.

"తాగు."

తాగాడు. గిన్నె కింద పెట్టేదాకా ఆమె ఎదురుచూసింది.

"చెప్పావు. మంచిది," అంది. "ఇక రాకు."

అతను గడప దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వెనక తలుపుకు గడియ పడింది. కాసేపటికి లోపలి నుంచి ఆమె ఏడుపు మొదలైంది, మూడు రోజుల పరామర్శలో ఒకసారి కూడా వినపడని ఏడుపు. వీధిలో నిలబడి చివరిదాకా విన్నాడు కాశింవలి. అప్పుడు దుకాణం వైపు నడిచాడు.